ప్రిన్సిపాలు గారి చూపుడువేలు

డోలు మోత విని కొట్టేవాడి ఊరూ పేరూ చెప్పగల మనిషి నగరి చుట్టుపక్కల నేనొక్కడినే. గోడ అవతల కూర్చోబెట్టి కొట్టించండి. వాడు ఎవరి శిష్యుడో, పొద్దున సంగటి తిని వచ్చాడో ఇడ్లీ తిని వచ్చాడో కూడా చెబుతాను. నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతే అయినా, నా చెవులు మాత్రం అక్కడితో ఆగకుండా పై చదువులకు పోయాయి. అందుకే తిరుపతి దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో వార్షికోత్సవం నాడు జరిగిన అన్యాయాన్ని చెప్పడానికి నాకంటే తగినవాడు దొరకడు.

ఆ ఆదివారం పొద్దున భానుప్రియ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాలేజీ వార్షికోత్సవానికి పోకూడదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా నగరిలోని తన ఇంట్లో ముసుగు తన్ని పడుకోవాలి. ఆమె తండ్రి గుణశేఖర్ మరమగ్గాలు నడుపుతాడు. పిల్ల ఆ కాలేజీలోనే సివిల్ ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పటి నుంచి వెనక వీధి మేళం పెద్ద చెంగల్రాయుడి దగ్గర డోలు నేర్చుకుంది. చదువు ఒక చేత్తో, డోలు రెండు చేతులతో సాగుతున్నాయి.

ఆమెకు కాలేజీ మీద కోపం ఎందుకు వచ్చిందో చెప్పాలి. చెబుతుంటే నాకే ఒళ్ళు మండుతుంది. ఆ కాలేజీలో సంగీత గది అని ఒకటుంది. తలుపు మీద ‘విద్యార్థులందరికీ ప్రవేశం’ అని బంగారు రంగు అక్షరాలు, వాటి కింద అరచేయంత తాళం. ఎప్పుడో తనిఖీ కమిటీ వస్తుందంటే హడావుడిగా ఆ గది సిద్ధం చేశారు. హార్మోనియం, తబలా, వీణ కొన్నారు. కమిటీ చూసింది, తలూపింది, భోంచేసి వెళ్ళింది. ఆ తర్వాత వాద్యాల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయకుండా, పక్కనే పాత జవాబు పత్రాల కట్టలూ రెక్కలు విరిగిన ఫ్యాన్లూ పేర్చి తాళం పెట్టారు. కాలేజీవాళ్ళు ఊరూరా పంచే రంగుల పుస్తకంలో మాత్రం వీణ వాయిస్తున్న అమ్మాయి బొమ్మ ఉంటుంది. ఆమె విద్యార్థిని కాదు, ఫీజులు కట్టించుకునే ఉద్యోగి. చంటిబిడ్డను జోకొడుతున్నట్టు వీణను ఎత్తుకుని ఉంటుంది.

వార్షికోత్సవానికి కొన్నాళ్ళ ముందు నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించారు. కాలేజీలన్నిటికీ కలిపి యువజనోత్సవం జరుగుతుందట. అందులో వాద్యాల పోటీ ఉందట. ఏ చదువు చదివేవాళ్ళయినా రావచ్చు, ప్రిన్సిపాలు పేరు పంపితే చాలు. భానుప్రియ ఎగురుకుంటూ ప్రిన్సిపాలు దామోదరం గారి గదికి పోయింది. ఆయనకు నోటి మాట కంటే ముందు చూపుడువేలు లేస్తుంది. వేలెత్తి ఆడించకుండా ఆయన మంచినీళ్ళు కూడా అడగలేరు.

“ఏ బ్రాంచి?” అన్నారు వేలెత్తి.

“సివిల్, సార్.”

“సివిల్‌కీ డోలుకీ ఏం సంబంధమమ్మా?”

“వాటికి లేదు సార్. నాకుండాది.”

“సంగీతమనేది సంగీతం చదివేవాళ్ళకి.”

“మన కాలేజీలో సంగీతం చదివేవాళ్ళే లేరు గదా సార్?”

“అందుకే ఎవర్నీ పంపడం లేదు! పక్షపాతం చూపించడం నాకు చేతకాదు.”

“అట్లయితే ఆ గది ఎవురికి సార్?”

“కమిటీకి,” అన్నారాయన, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు.

అయ్యా, ఈ ముక్క విన్నాక ఏ మనిషికైనా నిద్ర పడుతుందా? భానుప్రియ మాత్రం పంతం పట్టి పడుకుంది. అయితే ఆ ఆదివారం కోడి కూసీ కూయకముందే చెంగల్రాయుడు వచ్చి తలుపు బాదాడు.

“మే భానూ! లెయ్యి మే! మునిచంద్ర నా కొంప ముంచినాడు!”

మునిచంద్ర అంటే ఆయన మేళంలో రోజూ డోలు కొట్టేవాడు.

“ఏమైంది మామా?” అంది భానుప్రియ కళ్ళు నులుముకుంటూ.

“గూడూరులో ఎవురో నిమ్మకాయల షావుకారింట్లో పెండ్లంట. ఎక్కువిస్తామనేసరికి ఆడికి ఎగిరిపోయినాడు. నేనేమో తిరుపతిలో మేళం ఒప్పుకోనుండాను. డోలు లేకుండా నాదస్వరం ఒకటే ఊదితే, పామునాడించేదానికి వచ్చినాననుకుంటారు మే!”

“యాడ పెండ్లి?”

“పెండ్లి గాదు. ఏదో కాలేజీ పండగ. పెద్దోళ్ళను గేటు కాడ నుంచి పిలుసుకోని రావాల, స్టేజీ పక్కన కుసోవాల, దీపం ఎలిగించేటప్పుడు వాయించాల. అంతే.”

ఏ కాలేజీనో అడిగి పేరు విన్నాక భానుప్రియ దుప్పటి ఒక పక్కకు, దిండు ఒక పక్కకు పోయాయి.

“లోపల డోలు కొట్టే పిల్ల ఉంటే పనికిరాదంట. బయట నుంచి బండి పెట్టి మేళం తెప్పిచ్చుకుంటారంట! పద మామా. బయటి మేళంగానే పోతా. ఎవురు ఆపుతారో సూస్తా!”

మా మనవడు కూడా ఆ కాలేజీలోనే చదువుతున్నాడు. తల్లిదండ్రులకు, తాతలకు భోజనం ఉందన్నారు కాబట్టి నేను బస్సెక్కి వేరుగా వెళ్ళి చేరాను. ఆటస్థలంలో పెద్ద పందిరి వేశారు. ముందు వరసలవాళ్ళకు పూలరేకుల పళ్ళాలు పంచారు. దీపం వెలిగేటప్పుడు చల్లాలని. పళ్ళాలు సర్దినవాళ్ళు తిరుపతివాళ్ళు కాబట్టి, చేయి ఊరుకోక వాటిలో అక్షింతలు కూడా కలిపేశారు. మొదటి వరస నడుమ ప్రిన్సిపాలు గారి భార్య వరదమ్మ కూర్చుంది. ఒళ్ళో అందరికంటే పెద్ద పళ్ళెం.

ముఖ్య అతిథి మోనిక గారు. శ్రీ సిటీలో ఒక కంపెనీకి మనుషులను ఎంపిక చేసే పెద్దావిడ. ఆవిడ తలూపితే ఆ ఏడాది పిల్లలకు ఉద్యోగాలు, ఊపకపోతే ప్రిన్సిపాలు గారికి తలనొప్పి. గేటు దగ్గర నుంచి ఆవిడను మేళంతో తీసుకొచ్చారు. పట్టుచీర కట్టి, మెడకు డోలు తగిలించుకున్న పిల్ల తన కాలేజీ పిల్లేనని దామోదరం గారు గమనించలేదు. మేళం వాళ్ళ ముఖాలు ఎవరు చూస్తారు?

సాంస్కృతిక కార్యక్రమాల బాధ్యత లెక్కల మాస్టారు దయానంద్‌ది. ఆయన మేళాన్ని స్టేజీ పక్కన కూర్చోబెట్టి, “ప్రిన్సిపాల్ గారినే చూస్తూ ఉండండి. ఆయన సైగ చేస్తే వాయించండి. మధ్యలో నన్ను మాత్రం అడగొద్దు, నాకు జనరేటర్ పని ఉంది,” అని చెప్పి మాయమైపోయాడు.

ఇక్కడ మేళం వాళ్ళ ఆచారం ఒకటి చెప్పుకోవాలి. పెళ్ళిలో తాళి కట్టే క్షణాన తుమ్ము గానీ, తగువు గానీ, చెడ్డమాట గానీ ఎవరి చెవినా పడకూడదు. అందుకని పురోహితుడు చూపుడువేలు ఎత్తి ఆడిస్తాడు. ఆడించగానే డోలూ నాదస్వరమూ ఉన్న బలమంతా పెట్టి పందిరి ఎగిరిపోయేటట్టు మోగించాలి. అదే గట్టిమేళం. చెంగల్రాయుడు భానుప్రియకు నేర్పిన మొదటి పాఠం కూడా అదే. “ఆ మోతలో మాటలు ఇనపడవు. ఏలు సూడు. ఏలు లేస్తే కొట్టు. ఏలు ఊగితే ఇంకా గట్టిగా కొట్టు. ఎవురన్నా అరస్తా ఉంటే ఆ అరుపు మునిగిపోయేటట్టు కొట్టు. ఏలు దిగేదాకా బ్రహ్మ వచ్చినా ఆపొద్దు.”

అసలు దీపం వెలిగి ఉంటే ఏ గొడవా లేకపోయేది. గాలికి అగ్గిపుల్లలన్నీ ఆరిపోతున్నాయి. ఈలోగా అతిథికి మాల వేసేద్దామని దామోదరం గారు పెద్ద గులాబీల మాల తీసుకున్నారు. మోనిక గారి మెడలో వేశారు. ఫొటోలు తీసే అతను సరిగ్గా అప్పుడే కెమెరా కింద పెట్టి చెమట తుడుచుకుంటున్నాడు. దామోదరం గారికి ప్రాణం ఉసూరుమంది. “ఒక్కటి! ఒక్కటి!” అంటూ చూపుడువేలు పైకెత్తి గట్టిగా ఆడించారు.

గట్టిమేళం మోగింది.

పందిరి గుంజ అడ్డమై నాకు మేళం కనబడలేదు. అయినా రెండు దెబ్బలు వినీ వినకముందే పక్కాయనతో చెప్పాను: “ఇది మునిచంద్ర చెయ్యి. పొద్దున సంగటి తినుండాడు.” మునిచంద్ర అప్పటికి గూడూరులో ఉన్నాడు. కొట్టింది ఆడపిల్ల. తిన్నది వ్యానులో ఒక బన్ను. నా చెవుల పై చదువు అంతటితో సరి. ఇకమీదట నా కళ్ళను నమ్మండి, అవి అద్దాలు పెట్టుకున్నాయి.

ఆ కళ్ళతో చూసింది ఇదీ. మా వైపు మనుషులకు గట్టిమేళం వినబడితే చేతులు వాటంతట అవే లేస్తాయి. ఎవరు, ఎందుకు అని అడగరు. ముందు వరసలన్నీ ఒక్కసారిగా లేచి స్టేజీ మీద నిలబడ్డ ఇద్దరి నెత్తినా పూలూ అక్షింతలూ కుమ్మరించాయి. అందరికంటే ఎక్కువ కుమ్మరించింది వరదమ్మ. పళ్ళెం పెద్దది కదా. మోనిక గారు ఉలిక్కిపడ్డారు. అతిథులు మాలను ఎక్కువసేపు ఉంచుకోరు కాబట్టి, మర్యాదగా తీసి దామోదరం గారి మెడలోనే వేశారు. రెండో విడత అక్షింతలు పడ్డాయి. కెమెరా అతనికి ఇప్పుడు తెలివి వచ్చి టకటకా నొక్కాడు.

“జోడీ బాగానే ఉండాది,” అంది నా వెనక ముసలామె. “పెండ్లికూతురికి పట్టుచీర కట్టించుంటే బాగుండు. కోటేసినారు.”

“ఆపండి! ఆపమంటున్నానా!” అని దామోదరం గారు అరిచారు. అరిచి ఊరుకుంటే పోయేది. వేలు కూడా ఊపారు. వేలు ఊగింది, అరుపూ ఉంది. పాఠం ప్రకారం భానుప్రియ రెండింతలు చేసింది. చెంగల్రాయుడి బుగ్గలు పూరీల్లా పొంగాయి. ఆయన అరిచేకొద్దీ వీళ్ళు పెంచారు, వీళ్ళు పెంచేకొద్దీ ఆయన వేలు ఇంకా ఎత్తుకు పోయింది.

పందిరి వెనక వంటవాళ్ళున్నారు. ఏళ్ళ తరబడి పెళ్ళి వంటలు చేసినవాళ్ళు. “తాళి కట్టేసినారు, ఆకులెయ్యండ్రా!” అని పెద్ద వంటవాడు కేక పెట్టాడు. ఆకుల చప్పుడు వినగానే వెనక వరసలు లేచాయి. ఉపన్యాసాలు మొదలు కాకముందే సగం సభ బంతికి పోయి కూర్చుంది. మిగిలిన సగంలో పెద్దవాళ్ళు కొందరు దంపతులను దీవించి ఫొటో దిగడానికి స్టేజీ మెట్ల దగ్గర వరస కట్టారు.

కార్యక్రమాన్ని ఫోన్లలో చూసుకునేట్టు కాలేజీవాళ్ళు ప్రత్యక్ష ప్రసారం పెట్టారు. రెండో విడత అక్షింతలు పడేటప్పటికే వరదమ్మ తల వంచి, సంచీలో మోగుతున్న ఫోను వెతుక్కుంటోంది. చిత్తూరు నుంచి ఆమె తల్లి. ఆ ముసలావిడ గొంతు డోలును దాటి మా వరస దాకా వినబడింది.

“ఏం మే వరదా! ఆడ నీ మొగుడు ఇంకోదాన్ని పెండ్లి సేసుకుంటా ఉంటే, నువ్వు ముందర కుసోని పూలు సల్లతా ఉండావా?”

వరదమ్మ చేతిలోని ఖాళీ పళ్ళెం చూసుకుంది. స్టేజీ వైపు చూసింది. లేచింది. దీవెనల వరసను తోసుకుంటూ మెట్లెక్కి, భర్త చూపుడువేలు గుప్పిట్లో పట్టుకుని కిందికి దించింది.

మేళం టక్కున ఆగింది. అప్పటిదాకా అంత మంది మగవాళ్ళు, అందులో ఇంజనీరింగు చెప్పే మేధావులు, ఏం చేస్తే ఆగుతుందో తెలియక చెవులు మూసుకుని నిలబడ్డారు.

“ఎవరా డోలు?” అని దామోదరం గారు తిరిగారు. ఇప్పుడు ముఖం చూశారు. “నువ్వు... సివిల్! నేను వద్దన్నానని పగబట్టి వచ్చావా? రేపటి నుంచి నీకీ కాలేజీ లేదు! మీ నాన్నను రమ్మను, టీసీ చేతిలో పెట్టి పంపిస్తా!”

భానుప్రియ ముఖం తెల్లబోయింది. రెండేళ్ళుగా తండ్రి మగ్గం పక్కనే నిద్రపోతూ చదివిస్తున్న చదువు అది. అయినా లేచి నిలబడి చెప్పింది.

“పగ గాదు సార్. మీ సైగ సూడమని దయానంద్ సారే సెప్పినాడు. మీరు ఏలెత్తినారు, నేను కొట్టినాను. దించలేదు, ఆపలేదు.”

“నేనెత్తింది ఫొటోకమ్మా!”

“మేళమోళ్ళకు ఫొటో ఏలు వేరే, పంతులు ఏలు వేరే ఉండదు సార్. చేతికి అలవాటైపోయింటాది.”

“మేళమేంటి, అలవాటేంటి? నువ్వు సివిల్! నీకూ సంగీతానికీ సంబంధం లేదని నీకు ఆ రోజే చెప్పాను!”

“ఉండండి,” అంది వరదమ్మ. ఆమె గొంతు నెమ్మదిగా ఉంది. ఆ నెమ్మది విని దామోదరం గారు ఒక అడుగు వెనక్కి వేశారు. “నాకు ఒకటి తేల్చండి. ఈ పాప నిజంగా మేళం మనిషయితే, అలవాటు కొద్దీ కొట్టింది. మీ తప్పు లేదు. సాయంత్రం ఇంటికొచ్చి వంట జేస్తా. ఈ పిల్లకీ సంగీతానికీ సంబంధమే లేదంటారా, అట్లయితే గట్టిమేళం దానంతట అది రాదు. మీరు సెప్పి కొట్టించినట్టే. నేను ఇట్నుంచి ఇట్లే సిత్తూరు బస్సెక్కి మా అమ్మ కాడికి పోతా. ఈ పాప మేళమా, ఉత్త సివిలా? సెప్పండి.”

“నాకూ అదే తెలియాలి,” అన్నారు మోనిక గారు, తలలో అక్షింతలు దులుపుకుంటూ. ఆవిడ చేతిలో ఫోను మోగుతూనే ఉంది. “మా ఆయన లైవ్ చూస్తున్నాడు. ఇప్పటికి ఎన్నిసార్లు ఫోన్ చేశాడో! మీరు మైకులో చెప్పండి. చెప్పేదాకా ఉద్యోగాల మాట ఎత్తకండి.”

దామోదరం గారు భార్యను చూశారు, అతిథిని చూశారు, బంతిలో పప్పు కలుపుకుంటూ తలలు ఇటు తిప్పిన సభను చూశారు. మైకు అందుకున్నారు.

“సభకు నమస్కారం. ఇక్కడ జరిగింది పెళ్ళి కాదు. ఈ అమ్మాయి భానుప్రియ, మన సివిల్ విద్యార్థిని. ఈమె... ఈమె డోలు వాయించడంలో విద్వాంసురాలు. వేలెత్తితే వాయించడం విద్వాంసుల అలవాటు. సంగీతం చదవనంత మాత్రాన ఈమె విద్వాంసురాలు కాకుండా పోదు.”

“వద్దన్నదెవురు మరి?” అంది వరదమ్మ, మైకుకు వినబడేటంత దగ్గరగా.

“వద్దన్నది... పొరపాటు.”

“మైకు ఆపకండి సార్,” అంది భానుప్రియ. “యువజనోత్సవం సంగతి కూడా సెప్పేయండి.”

“ఈమె పేరు పంపిస్తున్నాం,” అన్నారాయన.

“గది సార్! గది!” అని పందిరి నలుమూలల నుంచి పిల్లలు కేకలు పెట్టారు. మెకానికల్, ఎలక్ట్రికల్, కంప్యూటర్స్, అన్ని బ్రాంచీలవాళ్ళూ. వాళ్ళలో మా మనవడు కూడా ఉన్నాడు. వాడికి మౌత్ ఆర్గాన్ వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

“గది కూడా తెరుస్తాం. కానీ ఒక్క షరతు...” అంటూ దామోదరం గారి వేలు లేచింది.

చెంగల్రాయుడు నాదస్వరం నోటి దగ్గర పెట్టుకున్నాడు. భానుప్రియ డోలు పుల్ల ఎత్తింది. ముందు వరసలు నేల మీది పూలు ఏరుకోవడం మొదలుపెట్టాయి. దామోదరం గారు చేతిని తీసి ప్యాంటు జేబులో దాచుకున్నారు. ఆ షరతు ఏమిటో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

తాళం తుప్పు పట్టి తిరగనంటే మెకానికల్ పిల్లలే విరగ్గొట్టారు. తలుపు తీయగానే జవాబు పత్రాల కట్టలు దయానంద్ మాస్టారి మీద పడ్డాయి. జనరేటర్ పని ముగించుకుని ఆయన సరిగ్గా అప్పుడే వచ్చాడు.

యువజనోత్సవంలో భానుప్రియకు రెండో బహుమతి వచ్చింది. అదీ అన్యాయమే. ఇంక ఒక్క నిమిషమే ఉందని న్యాయనిర్ణేత వేలెత్తి చూపించాడట. ఆయన చెయ్యి నొప్పి పుట్టి దించేదాకా మా పిల్ల ఆపలేదు. సమయం మించిందని మొదటి బహుమతి ఇంకెవరికో ఇచ్చారు. వేలెత్తిన మనిషిని వదిలేసి, కొట్టిన మనిషిని తప్పు పట్టడం ఈ లోకంలో ఎప్పటికి పోతుందో!

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. మోనిక గారు ఆ మాలను ప్రిన్సిపాలు గారి మెడలో వేయలేదు. తీసి బల్ల మీద పెట్టారు. దామోదరం గారు ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా, వరదమ్మ మాత్రం నేను చెప్పిందే నమ్ముతోంది.